తేట వంచిన మందు

బుధవారం

అత్తయ్య చెయ్యి విరిగింది. కింద మా బట్టలకి రంగులేసే షాపులో తడి నేల మీద జారి పడ్డారు. మణికట్టు దగ్గర ఎముక. ఆసుపత్రిలో కట్టు కడుతున్నంతసేపూ ఏడవలేదు. "ఈ చెయ్యి కొన్నాళ్ళు కదపకూడదమ్మా" అని డాక్టరు అన్నప్పుడు మాత్రం బొటబొటా కన్నీళ్ళు కార్చారు. "మరి పిల్లకి మందెవరు పోస్తారండీ?" అని.

నేను పోస్తాను అని నేను అనలేదు. మా ఆయన నా వైపు చూశారు. అత్తయ్య చూశారు. పిల్ల కూడా చూసింది. తలూపాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఈ డైరీ రంగుపొడి కంపెనీవాళ్ళు ఇచ్చిందట. అల్మారాలో ఊరికే పడి ఉంది. అయిదో తరగతితో బడి మానేశాను కదా, అక్షరాలు మర్చిపోకుండా ఉంటాయని రాస్తున్నాను. ఇంకే కారణమూ లేదు.

గురువారం

ఈ ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. డాక్టరు ఫిట్స్ అంటాడు, మా అమ్మ మూర్ఛ అంటుంది. ఇక్కడ "అది" అంటారు. అది వచ్చింది. అది రాలేదు.

పిల్ల అంటే మా ఆడపడుచు. ఏడేళ్ళది. "నాయనమ్మ కావలసిన వయసులో మళ్ళీ అమ్మనయ్యాను" అని అత్తయ్యే నవ్వుతారు. మామయ్య పోయేనాటికి ఇది ఉయ్యాల్లో ఉంది. నా పెళ్ళికి ముందు స్నేహితురాళ్ళందరూ భయపెట్టారు, ఆడపడుచు ఉన్న ఇల్లు జాగ్రత్తే అని. కాపురానికొచ్చిన రోజున ఆ ఆడపడుచు నడుం మీద చేతులేసుకుని వచ్చి, "వదినా, నీకు ఈల వెయ్యడం వచ్చా?" అని అడిగింది. రాదని తలూపాను. "అయితే నేను నేర్పుతాలే" అంది పెద్దరికంగా. ఇంటిల్లిపాదీ దాన్ని గడుగ్గాయి అంటారు. నేనూ అంతే.

మందు ఎలా పొయ్యాలో అత్తయ్య మంచం మీద నుంచే నేర్పారు.

"సీసా కదలకుండా తియ్యి. నిద్రపోయే పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి. ఆఁ, అలా. ఇప్పుడు మెల్లిగా వంచు. పైన తేట మాత్రమే గిన్నెలోకి రావాలి. గీత దాకా."

సీసా అడుగున తెల్లగా, ముద్దగా ఏదో పేరుకుని ఉంది. నేను దాని వంక చూడడం అత్తయ్య చూశారు.

"అది మడ్డి. రంగు కలిపాక తేరనివ్వకుండా బట్ట ముంచితే ఏమవుతుంది? మచ్చలు పడవూ? మరి పసిదాని పొట్టలో పడవా మచ్చలు? చివరికి ఆ మడ్డి మిగులుతుంది. తూములో పోసి కడిగెయ్యాలి. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క దాని నోట్లో పడనివ్వలేదు నేను."

ఆ మాట అంటుంటే ఆవిడ మొహం ఎంత బాగుందో. పెద్ద పండితుడి దగ్గర పాఠం విన్నట్టు విన్నాను.

శనివారం

పొద్దున ఇచ్చాను. సాయంత్రం ఇచ్చాను. గీత దాకా. గిన్నెలో మందు ఊగింది. "వదినా, మందు డాన్సు చేస్తోంది" అంది గడుగ్గాయి.

ఆదివారం

అది వచ్చింది.

మేడ మీద దుప్పట్లు ఆరేస్తున్నాం. ముంచి తీసిన నీలం దుప్పట్లు. క్లిప్పులన్నీ గడుగ్గాయి చేతిలోనే ఉండాలి, ఒక్కొక్కటీ అదే అందించాలి, ఆ పెత్తనం దానిది. చెయ్యి చాపాను. క్లిప్పు రాలేదు. తిరిగి చూస్తే కళ్ళు ఒక పక్కకి వెళ్ళిపోయి ఉన్నాయి. నోరు వంకర పోతోంది. పడిపోయేలోగా పట్టుకున్నాను. అదొక్కటి చేశాను, ఆ తర్వాత నాకేమీ తోచలేదు.

అత్తయ్య మెట్లెక్కి ఎలా వచ్చారో తెలీదు. "పక్కకి తిప్పు! పక్కకి! నోట్లో ఏమీ పెట్టకు. గట్టిగా పట్టుకోకు, కొట్టుకోనీ. తల కింద మెత్తగా ఏదన్నా పెట్టు." తడి దుప్పటే లాగి పెట్టాను. అత్తయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో దాని పాదం నిమురుతూ కూర్చున్నారు. "అయిపోతుంది తల్లీ. ఇదిగో, వచ్చేస్తున్నావు. అయిపోతోంది." కళ్ళు మాత్రం వస్తూ తెచ్చి పిట్టగోడకి ఆనించిన గడియారం మీద. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలని డాక్టరు చెప్పాడట. దాటలేదు.

కాసేపు పడుకుని లేచింది. జుట్టంతా నీలం. "వదినా, మిగతా దుప్పట్లకి క్లిప్పులు నువ్వే పెట్టేశావా?" అని మొహం ముడుచుకుంది. తీసేసి మళ్ళీ దాని చేతే పెట్టించాను.

అన్నం దగ్గర ఆయన, "పోయిన నెలే కదమ్మా మోతాదు పెంచారు. ఎంత పెంచినా ఇంతేనా?" అన్నారు.

"కొత్త సీసా మొదలుపెట్టినప్పుడల్లా దానికి పడదురా. సగం అయ్యాక కుదుటపడుతుంది. ఎప్పుడూ ఉన్నదే" అన్నారు అత్తయ్య.

ఈసారి ఆగకపోతే రెండో మందు కూడా కలుపుతామన్నాడట డాక్టరు. దానికి పిల్ల మందకొడిగా అయిపోతుందేమోనని అత్తయ్య భయం.

మంగళవారం

రెండు వారాలు గడిచాయి, సీసా అడుక్కి వచ్చింది. ఆయన గంగాళం దగ్గర ఉన్నారు, మరుగుతున్న రంగు వదిలి రాలేరు. "నువ్వెళ్ళి తెస్తావా?" అన్నారు. తలూపాను. ఒక్కదాన్నే మందుల షాపుకి వెళ్ళడం ఇదే మొదలు.

అక్కడున్నావిడ కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని, కళ్ళద్దాల కోసం వెతుకుతోంది. చెప్పడానికి సిగ్గేసి వేలితో చూపించాను. నవ్వేసింది. సీసా ఇస్తూ, "బాగా కదిపే పోస్తున్నారు కదమ్మా?" అంది.

తలూపాను.

"అందరూ ఇలాగే తలూపుతారు. కదిపేవాళ్ళు కొందరే. ఇది నీళ్ళమందు కాదు, పిండి కలిపినట్టు ఉంటుంది. కదపకపోతే మందంతా అడుగునే ఉండిపోతుంది."

మళ్ళీ తలూపాను.

వీధి మలుపులో ఒక కుట్టుమిషను షాపు అరుగు మీద కూర్చుని సీసా మీద అక్షరాలు వేలు పెట్టుకుని చదివాను. చీమల్లా ఉన్నాయి. వాడే ముందు బాగా కదపవలెను. మూడుసార్లు చదివాను. నాకు చదవడం సరిగ్గా రాదేమో అని.

ఇంటికొచ్చి పాత సీసా చూశాను. దాని మీదా ఉంది. అన్ని సీసాల మీదా ఉండే ఉంటుంది. అత్తయ్యకి చదువు రాదు. ఆయన మందు పేరూ తారీఖూ చూస్తారు, సరేనని పెట్టేస్తారు.

మంగళవారం, మళ్ళీ

చెప్పాలి. ఎలా చెప్పాలో ఇక్కడ రాసుకుని, చూసి చెప్తాను.

అత్తయ్యా, సీసా మీద ఒక మాట రాసి ఉంది.

అత్తయ్యా, మందుల షాపావిడ ఏమందంటే.

అత్తయ్యా, మనం పారబోసే మడ్డి

రేపు చెప్తాను.

బుధవారం

చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మాత్రం ఏముంది? కదిపి పోస్తే సరిపోతుంది కదా. కింద షాపులో గంగాళం వెనక నిలబడి బాగా కదిపి, పైకి తీసుకొచ్చి, మెల్లిగా, నిద్రపోయే పసిపిల్లని ఎత్తినట్టే ఎత్తి పోశాను. తెల్లగా వచ్చింది. గీత దాకా.

"మడ్డి లేవలేదుగా?" మంచం మీద నుంచి అత్తయ్య.

"లేదత్తయ్యా."

పిల్లకి మందూ అందింది, పెద్దావిడకి బాధా లేదు. నేను మరీ అంత తెలివితక్కువదాన్నేం కాదు.

శనివారం

అది రాలేదు.

బుధవారం

రాలేదు. కొత్త సీసా మొదలుపెట్టి వారమైనా రాలేదు.

చీరల మూట పట్టుకొచ్చిన ఒకావిడతో అత్తయ్య చెప్తున్నారు: "మా కోడలిది మంచి చెయ్యి. నేను పోస్తే ఆగనిది, తను పోస్తే ఆగింది. చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ!" నేను మెట్ల మీదే ఆగిపోయాను. అప్పుడు దిగి చెప్పి ఉండాల్సింది. వేరే మనిషి ఉంది కదా, అందరి ముందూ బాగోదని వెనక్కి వెళ్ళిపోయాను.

శుక్రవారం

గడుగ్గాయి మధ్యాహ్నం చాలాసేపు పడుకుంది. ఎండ ఎక్కువగా ఉంది.

శనివారం

ఈరోజు కూడా పడుకుంది. బొమ్మకి రంగులేస్తుంటే గీత దాటి అంతా పూసేసింది. ఎప్పుడూ దాటదు, రంగుల వాళ్ళ పిల్ల. ఎండ ఎక్కువగా ఉంది.

ఆదివారం

వాన పడింది. చల్లగా ఉంది. అయినా నిద్రపోతూనే ఉంది. నిన్నటి ఎండ ఒంట్లో ఉండిపోయి ఉంటుంది.

సాయంత్రం నా మొహంలోకి చాలాసేపు చూసి, "వదినా, నీకు రెండు ముక్కులున్నాయి" అంది. కిలకిలా నవ్వింది. నేనూ నవ్వాను. దాని ఆటలకి అంతుండదు.

ఆట అని రాశాను. ఆటే.

సోమవారం

ఆట కాదు.

పొద్దున బడికి తయారై మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది. కాళ్ళు అటొకటీ ఇటొకటీ పడుతున్నాయి. నాలుక మందంగా ఉన్నట్టు ముద్దముద్దగా మాట్లాడింది. చివరి మెట్టు మీద కూలబడిపోయింది. అది రాలేదు, మెలకువగానే ఉంది. "కాళ్ళు నా మాట వినట్లేదు" అంది. ఏడవలేదు, కోపంగా అంది.

ఆయన షాపు మూసేశారు. నలుగురం వెళ్ళాం. దార్లో అత్తయ్య ఒక్క మాట అడిగారు. "ఎక్కువేమన్నా పోశావా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. గీత దాకానే."

అది నిజమే. అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగాను. నిజం అంత దొంగతనంగా ఉంటుందని నాకిప్పటిదాకా తెలీదు.

డాక్టరు పిల్లని గీత మీద నడిపించారు. వేలు కదిలిస్తూ కళ్ళు చూశారు. మందు మోతాదు మించినట్టే ఉందన్నారు. "మందెవరిస్తున్నారు?"

"మా కోడలండీ" అత్తయ్యే చెప్పారు. "గీతకి వెంట్రుకంత అటూ ఇటూ పోనివ్వదు. ఎవర్నన్నా అనుమానించండి గానీ, దీన్ని మాత్రం కాదు."

డాక్టరు పాత కాగితాలు తిరగేశారు. అదే మోతాదు, అదే మందు, పోయిన నెల చాలలేదు, ఈ నెల ఎక్కువైంది. తల గోక్కున్నారు. "అలాగైతే ఈ మందు పిల్లకి కుదరట్లేదనుకోవాలి. మార్చేద్దాం. కొత్తది కుదురుకునేదాకా ఫిట్స్ మళ్ళీ ఎక్కువ రావొచ్చు. ఓపిక పట్టాలి మీరు."

అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. గడుగ్గాయి నా ఒళ్ళో తల పెట్టుకుని నా గాజులు లెక్కపెడుతోంది, రెండేసిగా.

ఆగిన జబ్బుని మళ్ళీ రమ్మంటున్నారు. ఆపిన మందుని తీసేస్తున్నారు. నేను నోరు విప్పకపోతే.

"మేం కదపమండీ" అన్నాను.

డాక్టరు తలెత్తారు. "ఏంటమ్మా?"

"సీసా. మేం కదపం. పైన తేట పోస్తాం. అడుగున ఉన్నది పారబోస్తాం. ఎప్పుడూ అంతే. నేను... ఈ సీసా మొదలుపెట్టినప్పటి నుంచి కదిపి పోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు."

గడుగ్గాయి తలెత్తి, ముద్దముద్దగా, "అన్నయ్యా, వదిన ఎన్ని మాటలు మాట్లాడిందో!" అంది.

డాక్టరు కోప్పడతారనుకున్నాను. ఆయన లేచి మా సీసా కిటికీ వెలుతురుకి పెట్టి చూపించారు. ఇన్నాళ్ళూ పిల్లకి పలచటి మందు అందింది, చాలక అది వచ్చేది, వస్తోందని మోతాదు పెంచుతూ పోయారు. ఇప్పుడు పెంచిన మోతాదులో చిక్కటి మందు పడింది. "మందుది తప్పు కాదన్నమాట. నువ్వు చెప్పి ఉండకపోతే మార్చేసేవాణ్ణి" అన్నారు. తర్వాత, కాస్త ఆగి, "కదుపుతున్నారా అని నేనూ ఒక్కసారన్నా అడిగుండాల్సింది" అన్నారు.

రక్తం తీశారు. మందు ఎన్ని పూటలు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో ఆయనే చెప్పారు. పాతదానికంటే బాగా తక్కువ. బాగున్నా, బాగాలేకపోయినా, మా అంతట మేం పెంచకూడదు, తగ్గించకూడదు, ఆపకూడదు. ఏ అనుమానమొచ్చినా ఫోను చెయ్యాలి. నర్సు సూది లేని సిరంజి ఇచ్చి, నీళ్ళతో మా ముగ్గురి చేతా కొలిపించింది. నాది సరిగ్గా వచ్చింది. మా ఆయన చొక్కా మీద పోసుకున్నారు. అత్తయ్య ఎడమ చేత్తో పట్టుకుని, వద్దని తిరిగి ఇచ్చేశారు.

మంగళవారం

అత్తయ్య మాట్లాడట్లేదు. నాతోనే కాదు, ఎవరితోనూ.

ఆయన గంగాళం కలుపుతూ, నా వైపు చూడకుండా, "నాకన్నా చెప్పకూడదూ?" అన్నారు.

"మీరు అత్తయ్యకి చెప్పేస్తారని."

"చెప్పేవాణ్ణే." కర్ర ఆపారు. "చెప్తే ఈ వారం పిల్ల ఇలా అయ్యేది కాదు."

అవును. కాదు. నేను ఎవరి మనసూ నొప్పించకూడదనుకున్నాను. ఆ మాట చాలా బాగుంది, రాసుకోవడానికి. గోడ పట్టుకుని మెట్లు దిగింది మాత్రం నేను కాదు.

ఆయన నీలం చేత్తో నా తల మీద చిన్నగా తట్టారు. జుట్టుకి అంటుకుంది. కడుక్కోలేదు.

గురువారం

గడుగ్గాయికి నయం. తిన్నగా నడుస్తోంది. "వదినా, నీకు ఒక్క ముక్కే ఉంది" అంది, నిరాశగా.

అత్తయ్య మాట్లాడలేదు.

ఆదివారం

మేడ మీద ఆరిన దుప్పట్లు మడతపెడుతున్నాను. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. అత్తయ్య వచ్చి, ఏమీ అనకుండా, ఎడమ చేత్తో రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం దూరంగా జరిగి లాగాం. దగ్గరికొచ్చి కొసలు కలిపాం. మళ్ళీ జరిగాం. మూడో దుప్పటికి ఆవిడ కొస ఇవ్వకుండా పట్టుకునే నిలబడ్డారు.

"తూములో పోసింది మందు. పిల్లకి పోసింది నీళ్ళు. అంతేనా?"

"నీళ్ళు కాదత్తయ్యా. మందే. తక్కువ మందు."

"పిల్ల బడిలో పడి తల పగలగొట్టుకుంది, నీ పెళ్ళికి ముందు. నాలుగు కుట్లు పడ్డాయి. నేను కదిపి పోసుంటే, అది రాకపోయేదా?"

ఎలాగూ వచ్చేదే అని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. ఇప్పటికే ఒకసారి ఆవిడ బాధపడకూడదని చేసిన పని ఏమైందో చూశాను.

"తెలీదత్తయ్యా. రాకపోయేదేమో. డాక్టరు గారు కూడా చెప్పలేరు."

ఆవిడ దుప్పట్లో మొహం పెట్టుకున్నారు. చాలాసేపు. నేను నా కొస వదల్లేదు. ఏం చెయ్యాలో తెలీక, దుప్పటి పట్టుకునే మెల్లిగా దగ్గరికి నడిచాను, మడతపెట్టేటప్పుడు నడిచినట్టే.

"నాకెందుకు చెప్పలేదే నువ్వు? నేనంటే అంత భయమా?"

"భయం కాదు."

"మరి?"

తలూపాను. ఆ ప్రశ్నకి తలూపితే జవాబు కాదని తెలుసు. అయినా అత్తయ్య ఇంకా అడగలేదు. కట్టు కట్టిన చేతిని నా భుజం మీద వేశారు. ఎంత బరువుందో ఆ కట్టు.

మరేంటంటే, ఇష్టం. అక్కడ నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

శుక్రవారం

చాలా రోజులైంది రాసి. రాయడానికేం లేదు, అది రాలేదు. ఒక్కసారి మాత్రం, పోయిన వారం, చిన్నగా వచ్చి వెళ్ళింది, నిలబడే కళ్ళు అలా పోయి తిరిగొచ్చాయి. వెంటనే ఫోను చేశాను. నేనే చేశాను. డాక్టరు గారు మోతాదు ఇలాగే ఉంచమన్నారు. రెండో మందు ఊసు లేదు.

ఈరోజు అత్తయ్య కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, తెల్లగా, వేరేవాళ్ళ చెయ్యిలా ఉంది. సాయంత్రం మందు వేళకి సీసా, సిరంజి ఆవిడ ముందు పెట్టాను.

"నువ్వే పొయ్యి. నా చేతికి వద్దు."

"మీరే పొయ్యండి అత్తయ్యా."

"వద్దన్నానా. నా చెయ్యి మంచిది కాదు."

గడుగ్గాయి నోరు తెరుచుకుని మధ్యలో కూర్చుని ఉంది, పిట్టపిల్లలా, ఎవరు పోస్తే వాళ్ళదే అన్నట్టు.

"పిల్ల పడిపోయినప్పుడు ఏం చెయ్యాలో నాకు చెప్పింది మీరు" అన్నాను. "ఇన్నేళ్ళలో మీరు ఒక్క పూట మర్చిపోలేదు. మర్చిపోయేవాళ్ళ చేతికి నేను సీసా ఇవ్వను. మీకిస్తున్నాను."

నా పెళ్ళయ్యాక ఇంత పొడుగు మాట ఎవరితోనూ మాట్లాడలేదు. చెవులు వేడెక్కిపోయాయి. అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. తొంగి చూడలేదు. చూడాలనిపించింది, చూడలేదు.

లోపల్నుంచి సీసా కదుపుతున్న చప్పుడు. కదుపుతూనే ఉన్నారు. కదుపుతూనే ఉన్నారు.

"చాలమ్మా" అంది గడుగ్గాయి, "మందుకి కళ్ళు తిరుగుతాయి."